అడిగేవారు వచ్చాక తెలిసిన ఇల్లు

పరాయి దేశం మనిషితో పరిచయం పెరిగేకొద్దీ అతడు అడిగే ప్రశ్నలు మారుతూ వస్తాయి. మొదటి రోజుల్లో దారి అడుగుతాడు, ధర అడుగుతాడు, కూరలో కారం ఎంత వేశారని అడుగుతాడు. కాస్త చనువు ఏర్పడ్డాక, పెళ్లికి పిలిస్తే వచ్చి కూర్చుని, వధూవరుల తలల మీద జీలకర్ర-బెల్లం ఎందుకు పెట్టిస్తారని అడుగుతాడు. పెళ్లివారిలో పెద్దాయన ఒక కారణం చెబుతారు, పురోహితుడు ఇంకొకటి, ఇంజనీరింగ్ చదివిన మేనల్లుడు మరొకటి. చాలామంది మా ఆచారం అంతే అని ఊరుకుంటారు. ఒక సంస్కృతిలో పుట్టి పెరగడం వేరు, దాన్ని ఎదుటివారికి విడమరచి చెప్పగలగడం వేరు. మొదటిది దానంతట అదే వస్తుంది. రెండోదానికి చదువు కావాలి, కాస్త ఎడంగా నిలబడి తన ఇంటిని తాను చూసుకోగల చూపు కావాలి.

దేశాల మధ్య సాంస్కృతిక సంబంధాలు నిలిచేది ఈ రెండోదాని మీదే. తన దగ్గర ఏముందో తెలియనివాడు ఎదుటివాడి నుంచి తీసుకోగలడే గాని ఇవ్వలేడు. కొంతకాలానికి తీసుకోవడం కూడా సరిగా చేతకాదు, తెచ్చుకున్నది ఎక్కడ అతకాలో తెలియదు గనక. ఈ సంగతిని ఒక దేశం రెండు మూడు దశాబ్దాల్లోనే, చాలా పోగొట్టుకుని మరీ నేర్చుకుంది. అది మెయిజీ కాలపు జపాన్.

1853లో అమెరికా నౌకాదళాధికారి మాథ్యూ పెర్రీ నల్లటి ఆవిరి ఓడలతో ఎదో (నేటి టోక్యో) అఖాతంలోకి వచ్చేదాకా, రెండు వందల ఏళ్లకు పైగా, జపాన్ విదేశీయుల రాకపోకలను గట్టిగా కట్టడి చేసింది. 1868లో షోగునుల పాలన పోయి మెయిజీ చక్రవర్తి పేరిట కొత్త ప్రభుత్వం ఏర్పడింది. పాశ్చాత్య దేశాలు రుద్దిన అసమాన ఒప్పందాలను వదిలించుకోవాలంటే ఆ దేశాల చేత సాటివారమనిపించుకోవాలి, అనిపించుకోవాలంటే వాళ్లలాగే ఉండాలి. ఆనాటి పాలకుల లెక్క ఇదీ. 1871 డిసెంబరులో ఇవాకురా తొమొమి నాయకత్వంలో ప్రభుత్వ ముఖ్యులు చాలామంది ఓడెక్కి అమెరికా, ఐరోపా పర్యటనకు బయలుదేరారు. (జపనీయులకు కూడా తెలుగువారిలాగే ఇంటిపేరు ముందు వస్తుంది.) దాదాపు రెండేళ్లు ఫ్యాక్టరీలు, బడులు, పార్లమెంట్లు తిరిగి చూసి, చూసినదంతా రాసుకుని తిరిగి వచ్చారు.

ఆ ఓడలో చదువు కోసం పంపిన ఐదుగురు ఆడపిల్లలు కూడా ఉన్నారు. అందరిలోకీ చిన్నది త్సుదా ఉమెకో, అప్పటికి ఆరేళ్ల పాప. అమెరికా రాజధానిలో లాన్‌మన్ దంపతుల ఇంట పెరిగింది. 1882లో తిరిగి వచ్చేసరికి ఆమెకు పద్దెనిమిదేళ్లు నిండబోతున్నాయి, మాతృభాష పూర్తిగా మరచిపోయింది. కన్నతల్లితో నేరుగా మాట్లాడలేకపోయింది. ఎక్కడ ఎలా కూర్చోవాలో, ఎవరికి ఎంత వంగి నమస్కరించాలో కూడా కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది. పంపించిన ప్రభుత్వం దగ్గర ఆమెకు అప్పగించడానికి సిద్ధంగా ఒక పని కూడా లేదు. వంతెనకు రెండు గట్ల మీదా పునాది పడాలి. ఆరేళ్ల పిల్లను ఓడెక్కించినప్పుడు ఆ పెద్దలు అవతలి గట్టు గురించే ఆలోచించారు. ఇవతలి గట్టును ఉమెకో తనంతట తానే, పట్టుదలతో కట్టుకుంది. 1900లో టోక్యోలో ఆమె పెట్టిన చిన్న ఆంగ్ల పాఠశాల ఇవాళ త్సుదా విశ్వవిద్యాలయం. 2024 నుంచి జపాన్ 5,000 యెన్‌ల నోటు మీద ఉన్న బొమ్మ ఆమెదే.

సముద్రం దాటకుండానే ఇటువంటి అనుభవం ఒకాకురా కాకుజోకు ఎదురైంది. ఆయన 1863లో యొకొహామా రేవుపట్టణంలో పుట్టాడు. తండ్రి ఫుకుయి సంస్థానపు సమురాయ్, కాలం మారాక కత్తి పక్కనబెట్టి పట్టు వ్యాపారంలో దిగినవాడు. కొనుగోలుదారులంతా విదేశీయులు కాబట్టి కొడుకును చిన్నప్పుడే క్రైస్తవ మిషనరీల దగ్గర ఇంగ్లీషు చదువుకు పెట్టాడు. ఒకసారి తండ్రీకొడుకులు గుడికి వెళుతుంటే దారిలో సరిహద్దు గుర్తుగా నాటిన స్తంభం కనిపించిందనీ, దాని మీదున్న అక్షరాలు చదవమంటే పిల్లవాడు చదవలేకపోయాడనీ ఒకాకురా జీవితచరిత్రకారులు రాస్తారు. ఇంగ్లీషు గలగలా చదివే పిల్లవాడికి తన ఊరి స్తంభం మీది రాత అందలేదు. తండ్రికి గుండె జారింది. వెంటనే కొడుకును ఒక బౌద్ధ ఆలయంలో ఉంచి చీనా గ్రంథాలు, సంప్రదాయ విద్య చెప్పించాడు. ఆ తరువాత ఒకాకురా సాధించినదంతా ఈ రెండు చదువుల కలయికలోంచే వచ్చింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే దేశంలో పెద్ద విధ్వంసం జరుగుతోంది. 1868లో కొత్త ప్రభుత్వం షింతో మతాన్నీ బౌద్ధాన్నీ విడదీయాలని ఆజ్ఞలు ఇచ్చింది. ఆ అదనులో చాలాచోట్ల బౌద్ధాలయాల మీద దాడులు జరిగాయి. విగ్రహాలు విరిగాయి, గ్రంథాలు కాలిపోయాయి, భూములు పోయిన మఠాలు పూట గడవక వస్తువులు తెగనమ్ముకున్నాయి. వెయ్యేళ్ల నాటి శిల్పాలు చౌకగా విదేశాలకు తరలిపోతుంటే, చదువుకున్నవారు ఐరోపా తైలవర్ణ చిత్రాలను చూసి మురిసిపోతున్నారు.

1878లో టోక్యో విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం, అర్థశాస్త్రం చెప్పడానికి అమెరికా నుంచి ఎర్నెస్ట్ ఫెనొలోసా వచ్చాడు. పాతికేళ్ల వాడు. జపాన్ చిత్రకళ మీద మనసు పడి, పాత చిత్రాలు వెతుకుతూ, కొంటూ, పండితులను ప్రశ్నలతో వేధిస్తూ తిరిగాడు. ఆయన విద్యార్థి ఒకాకురా దుబాసీగా వెంట నడిచాడు. 1884లో వీరిద్దరూ ప్రభుత్వ ఉత్తరువు పట్టుకుని నారా దగ్గరి హోర్యూజి ఆలయానికి వెళ్లారు. అక్కడ యుమెదోనో అనే ఎనిమిది కోణాల మందిరంలో తరతరాలుగా ఎవరి కంటా పడకుండా మూసి ఉంచిన విగ్రహం ఒకటి ఉంది. తెరిస్తే భూకంపం వస్తుందని భిక్షువులు భయపడ్డారు. చివరికి తలుపులు తెరిపించి, విగ్రహానికి చుట్టిన వందల గజాల గుడ్డ విప్పితే, ఏడో శతాబ్దంలో కర్పూరపు చెక్కతో చేసి బంగారు రేకు తాపిన నిలువెత్తు కన్నన్ బోధిసత్వుడి మూర్తి బయటపడింది. చీకట్లో ఉండిపోవడం వల్ల ఆ పసిడి మెరుగు చెక్కుచెదరలేదు. ఇప్పటికీ ఏడాదికి రెండుసార్లు, వసంతంలోనూ శరత్తులోనూ, ఆ తలుపులు తెరుస్తారు.

విదేశీయుడు వచ్చి చెబితే తప్ప తమ సొత్తు విలువ తెలియలేదా అని ఈ కథ విన్నవారికి అనిపిస్తుంది. అది సగం నిజమే. ఫెనొలోసా చూపు లేకపోతే ఆ తలుపులు అప్పుడు తెరుచుకునేవి కావు. కాని ఒకాకురా భాషా చదువూ లేకపోతే ఫెనొలోసాకు ఆలయాల దస్తావేజులు అర్థమయ్యేవి కావు, భిక్షువులతో మాటా కుదిరేది కాదు. పైగా బయటివాడి మెచ్చుకోలు అంతటితో ఆగిపోతే దాంతో వ్యాపారం నడుస్తుంది గాని విద్య నిలవదు. ఒకాకురా దాన్ని విద్యగా మార్చాడు. 1889లో తలుపులు తెరిచిన టోక్యో లలితకళా పాఠశాలలో మొదటి ఏళ్లలో పాశ్చాత్య చిత్రకళ లేనే లేదు. విద్యార్థులు సంప్రదాయ కుంచెతోనే మొదలుపెట్టేవారు. మరుసటి ఏడే ఒకాకురా దాని అధిపతి అయ్యాడు. పాత ఆలయాలను, వాటి సంపదను కాపాడే చట్టం 1897లో వచ్చింది.

తరువాత ఆయన తన దేశం గురించి బయటివారికి ఇంగ్లీషులో రాశాడు. 1903లో ‘ది ఐడియల్స్ ఆఫ్ ది ఈస్ట్’ లండన్‌లో అచ్చయింది. 1906లో న్యూయార్క్‌లో వెలువడిన ‘ది బుక్ ఆఫ్ టీ’ చిన్న పుస్తకం. పొడి చేసిన తేయాకును వేడినీళ్లలో గిలక్కొట్టి అతిథికి ఇచ్చే పద్ధతిని పట్టుకుని, దాని వెనకున్న జెన్, తావో భావాలను, గది కట్టుబడిని, పువ్వు అమరికను ఒక్కొక్కటిగా విప్పుకుంటూ పోతాడు. జపాన్ శాంతి కళల్లో మునిగి ఉన్నప్పుడు అనాగరికమన్న పాశ్చాత్యులు, రష్యాతో యుద్ధంలో మంచూరియా నేల మీద నెత్తురు పారించాకే నాగరికమని ఒప్పుకున్నారన్న బాధ అందులో దాచుకోకుండా చెప్పాడు.

ఒకాకురా దారి భారతదేశం మీదుగానూ సాగింది. 1902లో కలకత్తా వచ్చి వివేకానందుడితో బుద్ధగయకు వెళ్లాడు, ఠాగూర్ కుటుంబానికి దగ్గరయ్యాడు. ‘ఐడియల్స్’ ప్రతిని సరిదిద్ది ముందుమాట రాసినది వివేకానందుడి శిష్యురాలు సోదరి నివేదిత. మరుసటి ఏడు ఆయన శిష్యులు యొకొయామా తైకాన్, హిషిదా షున్‌సో కలకత్తాలో ఉండి బొమ్మలు వేశారు. తైకాన్ వెడల్పాటి తడి కుంచెతో చిత్రం మీద నీళ్లు పరిచి రంగుల అంచులు కరిగించడం ఆ కుటుంబపు చిత్రకారుడు అవనీంద్రనాథ్ ఠాగూర్ శ్రద్ధగా గమనించాడు. తానింకో అడుగు ముందుకు వేసి, వేసిన బొమ్మను మొత్తంగా నీళ్లలో ముంచి తీసి, ఆరాక మళ్లీ రంగు వేసేవాడు. పొగమంచులోంచి చూసినట్టుండే ‘వాష్’ పద్ధతి అలా పుట్టింది. అప్పటికే ఆయన మొగలు, రాజపుత్ర సూక్ష్మచిత్రాలను క్షుణ్ణంగా చదివి ఉన్నాడు. అందుకే జపాన్ నీటి రంగు ఆయన గీతను ముంచెయ్యకుండా దానికి ఒదిగింది.

ఆ రంగు అక్కడితో ఆగలేదు. కొపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య పూనికతో 1910లో బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల వెలిసింది. దేశీయ విద్యనూ చేతిపనులనూ ఆధునిక చదువుతో కలిపి నేర్పాలన్నది వారి సంకల్పం. 1920లలో అక్కడ చిత్రకళ చెప్పడానికి బెంగాల్ నుంచి ప్రమోదకుమార ఛటోపాధ్యాయ వచ్చాడు. ఆయన దగ్గర నేర్చుకున్నవారిలో అడివి బాపిరాజు ఒకరు. టోక్యోలో మొదలైన తడి కుంచె కలకత్తా మీదుగా కృష్ణా తీరానికి చేరిందన్నమాట. ఈ దారిలో చేతులు మారిన ప్రతిచోటా తీసుకున్నవారికి తమదైన ఒక పాత గీత ఉండటం గమనించదగ్గది.

కళాకారుడికి చేతిలో కుంచె ఉంటుంది, చూపించి ఊరుకోవచ్చు. నీతి, నమ్మకం, నడవడి గురించి అడిగితే అలా కుదరదు. నితోబె ఇనాజోకు వచ్చింది ఆ చిక్కే. 1862లో మొరియొకలో సమురాయ్ కుటుంబంలో పుట్టిన నితోబె సప్పొరో వ్యవసాయ కళాశాలలో చదివాడు, అక్కడే క్రైస్తవుడయ్యాడు. టోక్యో విశ్వవిద్యాలయంలో చేరబోతూ పసిఫిక్ మహాసముద్రం మీద వంతెన కావాలని ఉందని చెప్పాడంటారు. అమెరికాలో, తరువాత జర్మనీలో చదివాడు. ఐరోపాలో ఉన్న రోజుల్లోనే బెల్జియం పండితుడు ఎమిల్ ద లావలే ఇంట కొన్నాళ్లు అతిథిగా గడిపాడు. ఒకనాటి షికారులో మాట మతం మీదికి మళ్లింది. జపాన్ బడుల్లో మతబోధ ఉండదని నితోబె చెబితే, మరి పిల్లలకు నీతి ఎలా నేర్పుతారని ఆయన ఆశ్చర్యపోయాడు. నితోబెకు జవాబు తోచలేదు. తనకు మంచీ చెడూ నేర్పినది బడి కాదని తెలుసు, ఏది నేర్పిందో మాత్రం చెప్పలేకపోయాడు.

ఆ ప్రశ్న ఆయనను పదేళ్లు వెంటాడింది. 1891లో ఫిలడెల్ఫియాకు చెందిన మేరీ ఎల్కింటన్‌ను పెళ్లాడాక ఇంట్లోనే ప్రశ్నలు మొదలయ్యాయి. ఈ ఆచారం ఎందుకు, ఆ మాటకు అర్థమేమిటి అని ఆమె అడుగుతూనే ఉండేది. ఆరోగ్యం చెడి అమెరికాలో విశ్రాంతి తీసుకుంటున్నప్పుడు ఆ జవాబులను కూర్చి రాసినదే 1900లో వెలువడిన ‘బుషిదో’. సమురాయ్‌ల నడవడిలోని ధర్మం, ధైర్యం, దయ, మర్యాద, గౌరవం, స్వామిభక్తి వంటి గుణాలను అధ్యాయాలుగా విడదీసి, పాశ్చాత్య పాఠకుడికి తెలిసిన వీరగాథలతో, తత్వవేత్తలతో, షేక్స్‌పియర్‌తో పోల్చుకుంటూ వివరించాడు. వ్యాపార నీతిలో జపనీయుల లోపాన్ని కప్పిపుచ్చలేదు. భూస్వామ్య వ్యవస్థ పోయాక ఈ ధర్మం ఎంతకాలం నిలుస్తుందన్న అనుమానాన్నీ దాచలేదు. ఇది ఇంగ్లీషులో రాసిన జపాన్ పుస్తకం. 1905 నాటికే మరాఠీలోకి వచ్చింది, జపనీస్ అనువాదం మాత్రం 1908లో గాని రాలేదు. అమెరికా అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ చదివి, స్నేహితులకు పంచడానికి ప్రతులు కొన్నాడు.

అయితే ఆ జవాబు ఎంతవరకు సరైనది? టోక్యోలో చాలాకాలం బోధించిన ఆంగ్ల పండితుడు బేసిల్ హాల్ చాంబర్లేన్ 1912లో ఒక చిన్న పుస్తకం రాసి, బుషిదో పేరుతో ప్రచారమవుతున్న సిద్ధాంతం ఈ మధ్య అల్లినదేనని వాదించాడు. ఆయన మాటలో పెడసరం ఉన్నా పస లేకపోలేదు. సమురాయ్‌లు జనాభాలో పదోవంతు కూడా ఉండరు. రైతుకూ, వర్తకుడికీ, జాలరికీ నీతి ఎక్కడి నుంచి వచ్చిందన్నది నితోబె పుస్తకంలో పెద్దగా కనిపించదు. తన సంస్కృతిని బయటివారికి చెప్పేటప్పుడు ప్రతి వక్తకూ ఈ చిక్కు ఉంటుంది. తాను పుట్టిన వర్గపు అలవాట్లనే జాతి లక్షణాలుగా చెప్పేస్తాడు, ఎదుటివాడు మెచ్చుకునే భాగాన్ని ముందుకు తోస్తాడు. పట్టణపు పై అంతస్తు ఇంటి పూజాగదిని చూపించి దేశమంతా ఇదేనంటే, పొలంగట్టు మీది పోలేరమ్మ ఎక్కడికి పోవాలి?

ఇంతకంటే పెద్ద ప్రమాదం తరువాత వచ్చింది. 1930లలో సైనికాధికారుల చేతుల్లో బుషిదో ప్రాణాలు తీయడానికీ తీసుకోవడానికీ మంత్రమైంది. ఆసియా అంతా ఒకటేనన్న ఒకాకురా భావన, ఆయన పోయిన రెండు దశాబ్దాల తరువాత, పొరుగు దేశాలను ఆక్రమించేవారికి నినాదమైంది. 1916లో జపాన్ వెళ్లిన రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడి సభల్లోనే జాతీయవాదపు మత్తు గురించి హెచ్చరించాడు. మొదట్లో బ్రహ్మరథం పట్టినవారే ఆ మాటలు విన్నాక ముఖం చాటేశారు. నితోబె కూడా 1932లో సైనికవర్గాన్ని విమర్శించినందుకు సొంత దేశంలో వేధింపులకు గురయ్యాడు. అదే ఏడు అమెరికా వెళ్లి మంచూరియా ఆక్రమణ విషయంలో జపాన్ పక్షాన మాట్లాడి అక్కడి స్నేహితులనూ దూరం చేసుకున్నాడు. వంతెన కావాలనుకున్నవాడు రెండు గట్లకూ పరాయివాడై, 1933లో కెనడాలోని విక్టోరియా నగరంలో కన్నుమూశాడు. తన సంస్కృతిని ఎరిగి ఉండటమూ, దాన్ని ఏలేవారు చేసే ప్రతి పనినీ సమర్థించడమూ ఒకటి కావు. ఈ తేడా చెరిగిపోయిన చోట నితోబె అంతటివాడు కూడా నలిగిపోయాడు.

అంతకు ముందు ఆయన చేసిన పని మాత్రం నిలిచింది. 1920 నుంచి ఏడేళ్ల పాటు నితోబె నానాజాతి సమితి ఉప ప్రధాన కార్యదర్శిగా జెనీవాలో ఉన్నాడు. ఆయన పర్యవేక్షణలో 1922లో మేధో సహకార సంఘం ఏర్పడింది. తత్వవేత్త హెన్రీ బెర్గ్‌సన్ అధ్యక్షుడు, మేరీ క్యూరీ, ఐన్‌స్టీన్ సభ్యులు. రెండో ప్రపంచయుద్ధం తరువాత వచ్చిన యునెస్కోకు ఇది పూర్వరూపం. నితోబె వెళ్లిపోయాక, 1931లో, అందులోకి సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చారు. అదే ఏడు ఆయన వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉపకులపతి అయ్యారు.

రాధాకృష్ణన్ కథ నితోబె కథకు చాలా దగ్గర. తిరుత్తణిలో తెలుగు ఇంట పుట్టి మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదువుకుంటున్నప్పుడు, హిందూమతం మీద అక్కడి అధ్యాపకుల విమర్శలు ఆయన విశ్వాసాన్ని కుదిపాయి. కోపం తెచ్చుకోవడం తేలిక. ఆయన పుస్తకాలు తీశారు. వేదాంతంలో నీతికి చోటు లేదన్న ఆక్షేపణకు జవాబుగా ఎం.ఏ. పట్టా కోసం 1908లో వేదాంత నీతిశాస్త్రం మీద వ్యాసం రాశారు. 1926లో ఆక్స్‌ఫర్డ్‌లో హిందూ జీవనదృష్టి గురించి ఉపన్యాసాలు ఇచ్చేనాటికి పునాది పడి పద్దెనిమిదేళ్లయింది. గాంధీజీ అనుభవమూ ఇటువంటిదే. లండన్‌లో ఇద్దరు దివ్యజ్ఞాన సమాజం మిత్రులు కలిసి గీత చదువుదామంటే, సంస్కృతంలో గాని గుజరాతీలో గాని తాను దాన్ని చదవనేలేదని సిగ్గుపడినట్టు ఆత్మకథలో చెప్పుకున్నారు.

జపాన్ మళ్లీ ఇదే పాఠం దగ్గరికి తిరిగి వచ్చింది, ఈసారి బడి గదిలో. 1879లో ప్రభుత్వం సంగీత విద్యకు ఒక సంస్థ పెట్టి, బోస్టన్ నుంచి లూథర్ మేసన్ అనే ఉపాధ్యాయుడిని పిలిపించింది. తొలి పాటల పుస్తకంలో పాశ్చాత్య బాణీలకు జపనీస్ మాటలు కట్టారు. వందేళ్లు తిరిగేసరికి పిల్లలందరికీ పియానో, రికార్డరు అనే పాశ్చాత్య పిల్లనగ్రోవి తెలుసు. కొతో, షమిసెన్ వాద్యాలను చేత్తో తాకినవారు మాత్రం అరుదు. విదేశాలకు వెళ్లిన విద్యార్థిని మీ సంగీతం వినిపించమంటే ఏమి వాయిస్తాడు? 2002 నుంచి మాధ్యమిక పాఠశాలల్లో మూడేళ్లలో కనీసం ఒక జపాన్ వాద్యమైనా నేర్పాలన్న నియమం వచ్చింది. 2006లో సవరించిన విద్యా మూలచట్టం సొంత సంప్రదాయాన్ని గౌరవించడం, ఇతర దేశాలను గౌరవించడం అనే రెండింటినీ ఒకే వాక్యంలో లక్ష్యంగా పెట్టింది. దేశభక్తిని చట్టంతో రుద్దుతారేమోనన్న ఆందోళన అప్పుడు గట్టిగా వినిపించింది. 1930లను చూసిన దేశంలో ఆ ఆందోళన న్యాయమైనదే. 2012 నుంచి జూడో, కెండో వంటి యుద్ధక్రీడలూ తప్పనిసరి పాఠాలయ్యాయి.

సంగీతం తరగతిలో దృశ్యం మాత్రం చాలా మామూలుగా ఉంటుంది. కొతోకు పదమూడు తీగలు. ఒకే వాద్యం దగ్గర పిల్లలు ఇద్దరు ముగ్గురు వంతులు వేసుకుని కూర్చుంటారు. కుడిచేతి బొటనవేలికి, చూపుడువేలికి, నడిమివేలికి గోళ్లలాంటి తొడుగులు తగిలించుకుంటారు. కాగితం మీద స్వరాలకు బదులు తీగల అంకెలు రాసి ఉంటాయి. మొదట నేర్పే పాట తరచు ‘సకురా సకురా’. పియానో మీద దాన్ని ఎన్నోసార్లు విన్న పిల్లలకు, ఎడమచేత్తో తీగను నొక్కిపడితే అదే స్వరం మెల్లగా పైకి జరగడం అక్కడే మొదటిసారి చెవిన పడుతుంది.